కాఫీ షాపులో కాఫీ దేనికి?

కాఫీ షాపుల్లో కాఫీ అమ్మకాన్ని దశలవారీగా నిలిపివేయాలని ప్రభుత్వాన్ని, వర్తక సంఘాలను, అన్నిటికంటే ముందు మా కాలనీ సంక్షేమ సంఘాన్ని కోరుతున్నాను. ఆవేశపడి అంటున్న మాట కాదు. నా దగ్గర ఆధారాలున్నాయి.

కూకట్‌పల్లిలో మా వీధి చివర, కింద జిరాక్స్ సెంటరు ఉన్న బిల్డింగులో, మూడో అంతస్తు మీద ఈమధ్య ఒక కాఫీ షాపు వెలిసింది. ఊరూరా బ్రాంచీలున్న కంపెనీది కాదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు మానేసిన భార్యాభర్తలు అప్పు చేసి పెట్టుకున్న సొంత దుకాణం. వాళ్ల కష్టం మీద గౌరవం కొద్దీ పేరు చెప్పను. థీమ్ మాత్రం చెప్పి తీరాలి: అమ్మమ్మగారి ఊరు.

లిఫ్టులో మూడు నొక్కితే ఊరొస్తుంది. గడపకు పసుపు కుంకుమల స్టిక్కరు. లోపల గోడకు ఎడ్లబండి చక్రం, పక్కన కొడవలి, చూరు నుంచి వేలాడే లాంతర్లలో ఎల్‌ఈడీ బల్బులు. మూలన థర్మకోల్ బావి. దానికి గిలక ఉంది, చేద ఉంది, చాంతాడు కూడా ఉంది. తాగే నీళ్లు మాత్రం 20 లీటర్ల డబ్బాలో వస్తాయి. మెనూ తాటాకు మీద ఉంటుందన్నారు గానీ, తాటాకు మీద ఉన్నది క్యూఆర్ కోడ్. స్కాన్ చేస్తే ముందు మన ఫోన్ నంబరు అడుగుతుంది. అమ్మమ్మ కూడా గడపలోనే ఎవరబ్బాయివి అని అడిగేది కదా, ఆ లెక్కన ఇది సంప్రదాయమే.

మా ఎదురింటివాళ్ల అత్తగారు అమలాపురం దగ్గర్నుంచి వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. మనవరాలు ముచ్చటపడి ఆవిడను అక్కడికి తీసుకెళుతూ నన్నూ రమ్మంది. పంచె కట్టి తలపాగా చుట్టిన కుర్రాడొకడు ఇత్తడి గ్లాసు, వెడల్పాటి గిన్నె తెచ్చి, ఆవిడ ముందు వంగి పాఠం మొదలుపెట్టాడు. "మామ్మగారూ, ఈ గిన్నెను డబరా అంటారండీ. కాఫీ ఇందులోకి పైనుంచి ఇలా ఎత్తి పోస్తే నురగ వస్తుంది." ఆవిడ ఓపిగ్గా అంతా విన్నారు. "బాగుంది నాయనా. మీ ఇంట్లోనూ ఇలాగే తాగుతారా?" అన్నారు. "లేదండీ, మాది కొంపల్లి. మా ఇంట్లో టీ."

ఆ తర్వాత ఆవిడ చూపు టేబుల్ మీద పడింది. అది తిరగలి. పైన గాజుపలక పరిచారు. పిడి అడ్డొస్తోందని పీకేశారు. గింజలు పోసే కన్నం ఉన్న రాయి కింద ఉంది, కింద ఉండాల్సిన రాయి పైన ఉంది. "తలకిందులుగా పెట్టారేం బాబూ?" అంటే, "ఫొటోకి ఇలాగే బాగుంటుందండీ" అన్నాడు కుర్రాడు. మామ్మగారు మరి మాట్లాడలేదు.

ఇక కాఫీ సంగతి. 190 రూపాయల ఫిల్టర్ కాఫీ అది. నురగ మీద కోకో పొడితో ముగ్గు వేశారు. మనవరాలు దాన్ని నిలబడి ఒకసారి, బావి గట్టు మీద పెట్టి ఒకసారి, మామ్మగారి చేతిలో పెట్టి ఇంకోసారి ఫొటో తీసింది. ఆ కార్యక్రమం ముగిసేసరికి ముగ్గు చెదిరి, కాఫీ మీద తొరక కట్టింది. అయినా ఎవరూ ఒక్క మాట అనలేదు. చుట్టూ ప్రతి టేబుల్ మీదా ఇలాగే సగం తాగి వదిలేసిన గ్లాసులు. జనానికి అక్కర్లేని సరుకును జనం మీద రుద్దడం ఏ వ్యాపార ధర్మం?

చట్టం వైపు నుంచి చూసినా నా కోరికకు అడ్డేమీ కనబడదు. కాఫీపొడిలో చికోరీ అనే వేరు పొడిని 49 శాతం దాకా కలపొచ్చని మన ఆహార భద్రతా నిబంధనలే చెబుతున్నాయి. తక్కిన 51 కాఫీ అయితే చాలు, అసెంబ్లీలోలాగా బొటాబొటీ మెజారిటీ. దుకాణంలో థీమ్ ఎంత శాతం దాకా కలపొచ్చో మాత్రం ఏ నిబంధనా చెప్పదు. నూటికి నూరు కలిపినా అడిగే ఇన్‌స్పెక్టరు లేడు.

చరిత్ర కూడా నా పక్షమే. 1675 డిసెంబరు 29న ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ కాఫీ హౌసులన్నీ మూసేయమని ప్రకటన ఇచ్చాడు. జనం అక్కడ చేరి తన ప్రభుత్వాన్ని తిట్టిపోస్తున్నారని ఆయన బెంగ. గోల లేచి, అమలు కాకముందే, కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నాడు. పాపం ఆయనకు ఉపాయం తోచలేదు. లాంతర్లు వేలాడదీసి, వైఫై పెట్టి, నాలుగు కుర్చీలకు ఒక్క ప్లగ్ పాయింటు ఇచ్చి ఉంటే సరిపోయేది. మా షాపులో మనుషులు మాట్లాడుకునేది ఆ ప్లగ్ పాయింటు కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందనే విషయం మీదే. ప్రభుత్వాలు నిశ్చింతగా ఉండొచ్చు.

థీమ్ లేనివాళ్లు ఏమయ్యారో కూడా చూడాలి. హైదరాబాద్ ఇరానీ హోటళ్లకు పాలరాతి బల్లలు, నల్ల చెక్క కుర్చీలు, గోడలకు నిలువుటద్దాలు అన్నీ ఉండేవి. అయితే అది థీమ్ అని వాళ్లకు తెలియలేదు, ఫర్నిచర్ అనుకున్నారు. ఒక్క చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లతో పూటంతా కూర్చున్నా లెమ్మనేవారు కాదు. ఫలితం? చాలామటుకు మూతపడ్డాయి. ఇప్పుడు అవే బల్లలు 'వింటేజ్' పేరుతో కొత్త కేఫేలకు చేరి, పాత చాయ్ ధరకు పదింతలు సంపాదించి పెడుతున్నాయి. ఇండియన్ కాఫీ హౌసులదీ అదే అజ్ఞానం. 1957 ప్రాంతంలో కాఫీ బోర్డు తన దుకాణాలు మూసేస్తుంటే, కమ్యూనిస్టు నాయకుడు ఏకే గోపాలన్ అండతో కార్మికులే సహకార సంఘాలు పెట్టుకుని నడుపుకున్నారు. ఇప్పటికీ వాళ్లు తాము చుట్టుకునే తలపాగాను యూనిఫాం అనే అనుకుంటున్నారు. అందుకే అక్కడ ఇంకా కాఫీ చౌక.

మనసు కాస్త కలుక్కుమనేది అరకు కాఫీ విషయంలోనే. తూర్పు కనుమల్లో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల నడుమ పండించే గింజ అది. 2017లో పారిస్‌లో దుకాణం తెరుచుకుంది, 2019లో ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది. పారిస్‌కు వెళ్లొచ్చాకే కూకట్‌పల్లికి దాని విలువ తెలిసిందనుకోండి. మా షాపు వాళ్లూ అదే గింజ తెప్పిస్తారు. తెప్పించి, దానిమీద కారమెల్ పోసి, ఆపైన ఐస్‌క్రీమ్ ఉంచి, ఆపైన జీడిపప్పు పాకం ముక్క గుచ్చి, భద్రంగా పూడ్చిపెడతారు. అంత మంచి గింజను అలా చూడలేకే దాన్ని అక్కడినుంచి తప్పించమంటున్నాను.

కాబట్టి బిల్లు పద్ధతి మార్చాలి. ఆ 190 రూపాయలను ఉన్నదున్నట్టు విడగొట్టి రాయాలి: కుర్చీ 60, గోడ 40, బావి దగ్గర ఫొటో 40, లాంతరు వెలుగు 20, ప్లగ్ పాయింటు 25, కాఫీ 5. జీఎస్టీ ఐదు శాతం చొప్పున కాఫీ మీద పన్ను పావలా అవుతుంది. థర్మకోల్ బావి ఏ శ్లాబులోకి వస్తుందో కౌన్సిల్ తేల్చాలి. కాఫీ వద్దన్నవాళ్లకు ఆ ఐదు రూపాయల పావలా అక్కడికక్కడే తగ్గించాలి. కాదు, మాకు కాఫీయే కావాలని పట్టుబట్టేవాళ్లు ఒకరిద్దరుంటే, వేడిగా ఉండగానే తాగేస్తామని, తాగుతూ ఫోన్ తీయబోమని కాగితం మీద రాయించుకుని, తిరగలి లేని టేబుల్ దగ్గర కూర్చోబెట్టాలి.