పాయ మిగిలింది, చీటీ ఏదీ?

జర్మన్ సంగీతకర్త బీథోవెన్ 1827 మార్చి 26న కన్నుమూశాడు. మర్నాడు పదిహేనేళ్ల ఫెర్డినాండ్ హిల్లర్ ఆయన తల నుంచి ఓ పాయ కత్తిరించుకున్నాడని చెప్పేవారు. అద్దాల చట్రంలో భద్రంగా ఉన్న ఆ పాయను 1994లో సోత్‌బీస్ వేలంలో ఇద్దరు అమెరికన్లు కొన్నారు. పరీక్షిస్తే సీసం విపరీతంగా కనిపించింది. ఆ మహానుభావుడు సీసంతోనే చిక్కిపోయాడని లోకమంతా అనుకుంది. 2023లో జన్యుపరీక్ష జరిగింది. అది స్త్రీ వెంట్రుక అని తేలింది.

ఆయనవని చెప్పే 8 పాయలను అప్పుడు పరీక్షించారు. ఐదు ఒకే పురుషుడివి. వాటిలో ఒకదాని కథ వినదగ్గది. సంగీతకారుడు ఆంటన్ హాల్మ్ 1826లో తన భార్య కోసం ఒక పాయ అడిగితే, ఎవరో పరాచికానికి మేక వెంట్రుకలు పంపారు. సంగతి తెలిసి బీథోవెన్ మండిపడి, తన జుట్టు తానే కత్తిరించి ఇచ్చాడు. ఆ ముచ్చటతో సహా పాయ జీవితచరిత్రకారుడు థేయర్ చేతికి చేరింది. ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో తెలిసిన పాయ కాబట్టే మిగతావాటికి అదొక కొలబద్ద అయింది. 2024లో ఈ హాల్మ్-థేయర్ పాయలో గ్రాముకు 380 మైక్రోగ్రాములు, ఆ ఐదింటిలోనే మరొకటైన బెర్మన్ పాయలో 258 మైక్రోగ్రాముల సీసం కనిపించింది. ఈ రోజుల్లో మనుషుల జుట్టులో సాధారణంగా 4కు లోపే ఉంటుంది. అంటే సీసం మాట నిజమే, కానీ దాన్ని మొదట చెప్పించింది వేరెవరి వెంట్రుకో.

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి తెలుగిళ్లకు ఈ కథతో పనేమిటంటే, మన అటకల మీద కూడా జుట్టు ఉంది. రాలిన జుట్టు మైల అని మనవాళ్లు పోయినవారి పాయలు దాచుకోరు. పుట్టువెంట్రుకలు దేవుడికి పోతాయి. మిగిలేది సవరం. దువ్వెనకు వచ్చిన చిక్కు వెంట్రుకలను ఏళ్ల తరబడి పోగేసి కట్టించుకున్న మామ్మగారి సవరం ట్రంకుపెట్టెలో జరీ చీర పక్కనే ఉంటుంది. దాని మీద చీటీ ఉంటే అది తెలుగులో ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డాక ఈ ఊళ్లలో పిల్లల చదువు ఒడియాకూ ఇంగ్లీషుకూ మళ్లింది. ఇంట్లో తెలుగు మాట్లాడే మనవడికి తెలుగు అక్షరం రాదు. అటు వెంట్రుకా ఉంది, ఇటు వారసుడూ ఉన్నాడు, మధ్యలో ఉన్న చీటీని చదివేవారు లేరు. నా దృష్టిలో పురుగు కన్నా చెమ్మ కన్నా పెద్ద ప్రమాదం ఇదే.

నమ్మకం విషయం వేరు. తపుస్స, భల్లికులనే వర్తకులు ఉక్కల నుంచి వచ్చి బుద్ధుణ్ణి దర్శించారని పాళీ బౌద్ధ గ్రంథం వినయపిటకం చెబుతుంది. ఉక్కల అంటే ఉత్కళమేనని, అంటే మన ఒడిశాయేనని చాలామంది పండితుల మాట. వారికి బుద్ధుడు కేశాలిచ్చాడన్నది తరువాతి వ్యాఖ్యానాలు చేర్చిన కథ. ఆ కేశాలే రంగూన్ ష్వెడగోన్ పగోడాలో ఉన్నాయని బర్మా బౌద్ధుల విశ్వాసం. గోపాల్‌పూర్ రేవు నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లిన మన గంజాం తెలుగువాళ్లూ ఆ పగోడాను చూసే ఉంటారు. భక్తికి చీటీ అక్కర్లేదు. వంశచరిత్రకు మాత్రం కావాలి.

ఇక భద్రపరచడం. వెంట్రుక కెరటిన్ అనే ప్రొటీన్. పొడిగా ఉంటే వందల ఏళ్లు చెక్కుచెదరదు. ఉన్ని బట్టలు కొట్టే పురుగులకు మాత్రం అది ఆహారం. ముక్కలు ముక్కలుగా తెగిన వెంట్రుకలు, ఇసుకలాంటి రేణువులు, ఖాళీ పురుగు పొట్లు కనిపిస్తే పని మొదలైనట్టే. పాలిథిన్ సంచిలో గాలి లేకుండా మూసి ఇంటి డీప్ ఫ్రీజర్‌లో (సుమారు -18 డిగ్రీలు) రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక 24 గంటల వరకూ సంచి విప్పకూడదు. విప్పితే గాలిలోని తేమ నీళ్లయి జుట్టు మీద కూర్చుంటుంది. కలరా ఉండలు వద్దు. వాటి ఆవిరి వెంట్రుకకు పట్టి తర్వాతి పరీక్షలకు అడ్డొస్తుంది, మనిషికీ మంచిది కాదు.

కొబ్బరినూనె పట్టిన సవరాన్ని షాంపూతో కడగాలనిపిస్తుంది. కడగవద్దు. దుమ్మును మెత్తని బ్రష్‌తో దులిపితే చాలు. రబ్బరు బ్యాండు కొన్నాళ్లకు కరిగి అతుక్కుంటుంది, గుండుసూది తుప్పు పడుతుంది. రంగు వేయని నూలుదారంతో, కుదురు వైపు తెలిసిన పాయనైతే ఆ కొసనే ముడి వేయాలి. జుట్టు నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. 12 సెంటీమీటర్ల పాయ ఒక ఏడాది ఒంటి సంగతులు వరుసగా చెప్పగలదు. కొసలు తారుమారైతే ఆ వరుస పోతుంది. సవరానికి ఆ వరుస మొదటి నుంచీ ఉండదు. తల్లీకూతుళ్ల జుట్టు కలిసిపోయిన సవరాలూ ఉంటాయి.

ఆమ్లం లేని, క్షారం కలపని కాగితంలో చుట్టాలి. అది దొరక్కపోతే గంజి పెట్టని, ఉతికిన తెల్ల నూలుగుడ్డ సరిపోతుంది. న్యూస్‌పేపర్, పీవీసీ కవర్, లామినేషన్ మూడూ చేటే. గోపాల్‌పూర్ గాలి తగిలే ఊళ్లలో తేమ 80 శాతం దాటడం మామూలే. జుట్టుకు 45 నుంచి 55 శాతం చాలు. బిగుతు మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారినప్పుడల్లా మార్చాలి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ వచ్చినప్పటిలా పెట్టె తడిస్తే అద్దుడు కాగితం మీద పరచి నీడలో ఆరబెట్టాలి. ఎండా హెయిర్ డ్రయ్యరూ వెంట్రుకను పెళుసు చేస్తాయి.

పరీక్షల మీద మోజు తగ్గించుకోవాలి. బీథోవెన్ జన్యుపటానికి దాదాపు 3 మీటర్ల వెంట్రుక ఖర్చయింది. నెపోలియన్ జుట్టులో ఆర్సెనిక్ చూసి విషప్రయోగమన్నారు. 2008లో ఇటలీ భౌతికశాస్త్రవేత్తలు ఆయన చిన్ననాటి జుట్టునూ భార్యాబిడ్డల జుట్టునూ పోల్చి చూస్తే అందరిలోనూ ఇంచుమించు అంతే ఉంది. మామ్మగారి పాపిట జుట్టులో సీసం కనిపిస్తే మొదట అనుమానించాల్సింది సిందూరాన్ని.

చీటీ పెన్సిల్‌తో రాయాలి. జెల్ పెన్ తడికి కారిపోతుంది. ‘మామ్మ సవరం’ అని రాస్తే రెండు తరాల తర్వాత ఏ మామ్మో తెలియదు. ఇంటిపేరుతో పూర్తి పేరు, పుట్టిన ఊరు, కత్తిరించినదా రాలినదా, ఏ ఏడాది, ఎవరు దాచారు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది, ఇందులో చూసినదేది, విన్నదేది అన్నీ ఉండాలి. తెలుగులో ఒకసారి, కింద ఒడియాలో ఒకసారి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, చీటీ నకలు వేరే ఇంట్లో ఉంచాలి. అడుగున నాలుగు గీతలు ఖాళీగా వదిలితే, పెట్టె చేతులు మారినప్పుడల్లా తీసుకున్నవారు తమ పేరూ తేదీ రాసుకుంటారు.