గంటకు 250 రూపాయలు: ఈ లెక్క ఎవరిది?

హన్మకొండలో వెబ్‌సైట్లు చేసుకుని బతికే మా మిత్రబృందం నుంచి ఒకే వాట్సాప్ సందేశం ఈ వారంలో నాకు ఆరుసార్లు వచ్చింది. ఫ్రీలాన్సర్ తన రేటు నిర్ణయించుకోవడానికి అందులో ఐదు సూత్రాలు ఉన్నాయి. కోరుకున్న నెల జీతాన్ని 160 గంటలతో భాగిస్తే గంట రేటు వస్తుందట. మొదటి మూడు సైట్లు ఉచితంగా చేయాలట. వరంగల్‌లో పదివేలకు మించి ఎవరూ ఇవ్వరట. వెబ్‌సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ ఉచితం కాబట్టి దానితో చేసిన సైటుకు ఎక్కువ అడగడం మోసమట. సగం డబ్బు ముందుగా అందనిదే పని మొదలుపెట్టకూడదట.

వర్డ్‌ప్రెస్ 2003 నుంచీ ఉచితమే. వాగులో ఇసుక ఊరికే దొరికిందని మేస్త్రీ కూలి వదులుకోడు కదా. పదివేల మాటకొస్తే, దుకాణం ముందు బోర్డుకు అంతకు రెండింతలు పెట్టేవారిని నేను హన్మకొండ చౌరస్తాలోనే చూశాను. ఇక ఉచిత సైట్ల సంగతి: మొదటివాడికి ఊరికే చేశారని తెలిసిన రెండోవాడు బేరం సున్నా దగ్గరే మొదలుపెడతాడు.

అసలు ముంచేది మొదటి సూత్రం. నెలకు నలభై వేలు కావాలనుకుంటే గంటకు 250 రూపాయలు అని అది చెబుతుంది. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఇరవై రోజులు, అంటే ఈ 160 గంటలు, నెల జీతం తీసుకునే ఉద్యోగివి. మీటింగులో కూర్చున్నా, బతుకమ్మకు ఊరికి పోయినా అతని జీతం ఆగదు. మనకు ఆ గంటలకు ఎవరు ఇస్తారు?

రెండేళ్ల కిందట ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక మిర్చి వ్యాపారికి ఐదు పేజీల సైటు చేసినప్పుడు నేనూ ఇదే లెక్క వేశాను. డిజైనుకు 22 గంటలు పడుతుందని అంచనా వేసి 5,500 చెప్పాను. డిజైనుకు పట్టింది అంతే. అయితే ఆయన డీటీపీ షాపులో 'అను' అనే పాతతరం తెలుగు ఫాంట్లలో కొట్టించి ఇచ్చిన వివరాలను సైటులో పెట్టగానే తెలుగంతా పిచ్చి గుర్తులుగా మారిపోయింది. దాన్ని ఇంటర్నెట్‌లో సరిగా కనిపించే యూనికోడ్‌లోకి మార్చి, చెదిరిన ఒత్తులన్నీ ఒక్కొక్కటిగా సరిచేసేసరికి ఏడు గంటలు గడిచాయి. వాట్సాప్‌లో పంపిన ఫొటోలు మసకగా ఉండడంతో నేనే కెమెరా పట్టుకుని మార్కెట్‌కు పోయాను. వేలం అయ్యేదాకా బస్తాల మీద కూర్చుని తుమ్ముతూ ఉన్నాను. ఇలాంటివన్నీ కలిపితే మరో 21 గంటలు. 5,500ను 43తో భాగిస్తే గంటకు దాదాపు 128 రూపాయలు. ఈ సందేశం రాసిన మహానుభావుడు బహుశా జీవితంలో ఒత్తు సరిచేసి ఉండడు.

నెలలో డబ్బు వచ్చే గంటలు నా అనుభవంలో ఎనభై దాటవు. ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, ఇన్వర్టర్ బ్యాటరీ, పెట్రోలు కలిపి నెలకు ఎనిమిది వేలు అనుకుంటే, 48,000ను 80తో భాగించాలి, వచ్చేది 600. మొదటి ఏడాది తగ్గింపు ధరకు తీసుకున్న హోస్టింగ్‌కు, అంటే సైటును ఇంటర్నెట్‌లో ఉంచే అద్దె చోటుకు, రెండో ఏడాది రెట్టింపు బిల్లు వచ్చినప్పుడు, సంజాయిషీ చెప్పుకునే గంట ఇందులోనూ లేదు. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్, 18 శాతం పన్ను కూడా లెక్కలోకి వస్తాయి. గంటకు 250 తీసుకునేవాడు ఆ భయం పెట్టుకోనక్కర్లేదు.

ఐదో సూత్రాన్ని మాత్రం కాదనలేను. అది నూటికి నూరుపాళ్లు నిజం, నేనే పాటించలేదు. మొహమాటానికి పోయి, పని అయ్యాక ఇవ్వండి చాలన్నాను. డబ్బు అడిగితే ఆ వ్యాపారి "సీజన్ అయిపోనీ తమ్మీ" అన్నాడు. రెండు సీజన్లు అయిపోయాయి. గంటకు 128 అని పైన వేసిన లెక్క, ఆ 5,500 చేతికి వచ్చిందనుకుని వేసినది.