మిగిలిపోయిన తొమ్మిది మాత్రలు

మన తెలుగు అసోసియేషన్ ఉగాది సంబరాల రోజు హెల్త్ క్యాంపులో బీపీ చూసే బల్లకి ఆనుకునే ఇంకో బల్ల వేశారు. ఎనర్జీ బ్యాలెన్సింగ్ అని బ్యానరు, లాప్‌టాప్, దానికి తగిలించిన చిన్న పెట్టె, పెట్టెలోంచి రెండు వైర్లు, వైర్ల చివర అరచేతిలో ఇమిడే రెండు ఇత్తడి గొట్టాలు. అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికి ఆర్నెల్లకని వచ్చిన ఒక పెద్దావిడ బీపీ చూపించుకుని, వరసలో అదీ ఒక పరీక్షే అనుకుని ఆ కుర్చీలో కూర్చున్నారు. మూడు నిమిషాల్లో తెర మీద రంగు గీతలు లేచాయి. లివరు 41, క్లోమం 34. యాభై ఉంటే సమతుల్యం అన్నారు. మందుల వల్లే ఒంట్లో శక్తి పడిపోయిందనీ, కొన్నాళ్ళు షుగరు మాత్ర ఆపి చూడమనీ చెప్పారు. పది నిమిషాలు "బ్యాలెన్స్" చేసి మళ్ళీ స్కాన్ చేస్తే క్లోమం 49కి వచ్చింది. ఆవిడ చాలా సంతోషపడ్డారు.

తొమ్మిది రోజుల తర్వాత, అమ్మ రాత్రిళ్ళు నాలుగేసి సార్లు లేస్తోందనీ, ఎన్ని నీళ్ళు తాగినా నోరెండిపోతోందంటోందనీ కూతురికి అనుమానం వచ్చి మాత్రల స్ట్రిప్పులు లెక్కపెట్టింది. పొద్దున వేసుకోవాల్సినవి తొమ్మిది మిగిలి ఉన్నాయి. ఎందుకమ్మా అంటే ఆవిడ చెప్పిన జవాబు మన కమిటీ అంతా వినాలి: "అసోసియేషన్ వాళ్ళే పెట్టారు కదమ్మా."

ఈ రకం పరికరాలతో సెషన్లు చేసేవాళ్ళ తరఫునే ఇది రాస్తున్నాం. పరికరాలను తిట్టడం మా ఉద్దేశం కాదు. అది ఏం కొలుస్తుందో, ఏం కొలవదో తెలియకుండా మన పెద్దవాళ్ళ చేతిలో ఆ గొట్టాలు పెట్టకూడదన్నదే మా బాధ.

ఆ గొట్టాలు కొలిచేది చర్మం మీద కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందన్నది. అంతే. మనసు కాస్త కదిలితే అరచేతుల్లో చెమట గ్రంథులు తెరుచుకుంటాయి, చర్మపు నిరోధం తగ్గుతుంది. 1888లో ఫ్రాన్స్‌లో ఫెరే, 1890లో రష్యాలో తార్ఖానోవ్ అనే పరిశోధకులు గమనించిన సంగతే ఇది. గట్టిగా చప్పట్లు కొడితే ఒకటి నుంచి మూడు సెకన్లలోపే గీత లేస్తుంది. ఇది నిజమైన కొలతే. ఒంట్లో మార్పుని తెర మీద చూపిస్తూ దాన్ని అదుపు చేసుకోవడం నేర్పే బయోఫీడ్‌బ్యాక్‌లో వాడేదీ దీన్నే. కానీ అరచేతి చెమటలోంచి లివరుకో అంకె, క్లోమానికో అంకె విడదీసే దారి ఆ రెండు వైర్లలో లేదు. అవయవాల పేర్లు సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు పెట్టినవి. యాభై అంటే సమతుల్యం అన్న స్కేలు 1950లలో జర్మనీలో ఫోల్ అనే డాక్టరు ఆక్యుపంక్చర్ బిందువుల మీద ప్రోబ్ (కొలిచే లోహపు మొన) పెట్టి చేసిన పద్ధతి నుంచి వచ్చింది. ఇప్పటి పెట్టెల్లో చాలావాటికి మూలం అదే.

ఇక ఆ క్లోమం 34 నుంచి 49కి ఎలా వచ్చింది? సెషన్లు చేసే ప్రతివాళ్ళూ ఆగి ఆలోచించాల్సింది ఇక్కడే. చల్లటి హాలులో అప్పుడే కూర్చున్న మనిషి చేతులు పొడిగా, చల్లగా ఉంటాయి. మొదటి స్కాన్ తక్కువే వస్తుంది. పది నిమిషాలు లోహం పట్టుకుని కూర్చుంటే చేతికీ గొట్టానికీ మధ్య తేమ చేరుతుంది, చర్మం పైపొర నానుతుంది, నిరోధం తగ్గి అంకె పెరుగుతుంది. బ్యాలెన్స్ మీట నొక్కినా నొక్కకపోయినా పెరుగుతుంది. నమ్మకం కుదరకపోతే మీరే చేసి చూడండి. మొదటి స్కాన్ అయ్యాక బ్యాలెన్స్ మీట ముట్టుకోకుండా, గొట్టాలు అలాగే పట్టించి పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ స్కాన్ చేయండి. ఇంకో తమాషా ఏమిటంటే, మనిషి నిజంగా స్థిమితపడితే చెమట తగ్గుతుంది కాబట్టి ఈ కొలత పడిపోవాలి. అంకె పెరగడాన్నే మెరుగుదలగా చూపిస్తున్నామంటే తడిని చూసి ఆరోగ్యం అంటున్నామన్నమాట.

అంకెను తారుమారు చేసేవి ఇంకా చాలా ఉన్నాయి. గొట్టాన్ని గట్టిగా బిగిస్తే చర్మం ఎక్కువ మేర తగిలి అంకె పెరుగుతుంది. నిర్వాహకులు ప్రోబ్ నొక్కే పద్ధతిలో అయితే ఈ తేడా పూర్తిగా వాళ్ళ వేలి బలం మీదే ఉంటుంది, అదీ వాళ్ళకి తెలియకుండానే. చేతికి లోషన్ రాసుకుని ఉన్నా, ఉంగరం గొట్టానికి తగిలినా, సెషన్‌కి ముందు శానిటైజర్ వాడినా కొలత మారుతుంది. శానిటైజర్‌లోని ఆల్కహాలు చర్మాన్ని ఎండగట్టేస్తుంది. అందుకే మామూలు సబ్బు నీళ్ళతో కడుక్కుని, తుడుచుకుని, కొంతసేపు ఆగమనాలి. లాప్‌టాప్ ఛార్జరు గోడకి పెట్టి ఉంటే కరెంటు లైను గొడవ గీతలోకి దూరుతుంది. బ్యాటరీ మీద నడపడం మేలు, భద్రత రీత్యా కూడా. కీలు దగ్గర వైరు లోపల తెగితే గీత ఉన్నట్టుండి పాతాళానికి పడి మళ్ళీ లేస్తుంది. దాన్ని "ఎనర్జీ బ్లాక్" అని చదివేవాళ్ళున్నారు. వైరు కదిపి చూడకుండా ఆ మాట అనకండి. పోనీ ఇవన్నీ సరిచూసుకున్నాం అనుకుంటే, ఒకే మనిషికి పదిహేను నిమిషాల్లో మూడుసార్లు స్కాన్ చేసి, మూడు జాబితాల్లో పైనున్న పది పేర్లూ పక్కపక్కన పెట్టుకుని కలుస్తున్నాయో లేదో చూడండి. తర్వాత ఆ రెండు గొట్టాలనీ ఉప్పునీళ్ళలో ముంచిన స్పాంజికి ఆనించి స్కాన్ చేయండి. స్పాంజికి కూడా అవయవాల జాబితా వస్తే దాన్ని మనిషికి చూపించే హక్కు మనకి లేదు.

మన పెద్దవాళ్ళ విషయంలో ఇంకో చిక్కుంది. షుగరు ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళలో చెమట గ్రంథులకి వెళ్ళే సన్నని నరాలు దెబ్బతింటాయి. మూత్రాశయం అదుపు కోసం వాడే కొన్ని మందులు కూడా చెమటని తగ్గిస్తాయి. అలాంటివాళ్ళకి అంకె తక్కువగా రావడం మామూలు. దాన్ని శక్తి పడిపోవడంగా చదివి, పడేసింది మందులేనని చెప్పి, మందు ఆపమంటే ఏ జబ్బు వల్ల అంకె తగ్గిందో ఆ జబ్బునే పెంచినట్టు. ఇందుకు పూర్తిగా ఎదురుది కూడా జరగొచ్చు. షుగరు మాత్ర వేసుకుని, కార్యక్రమం సాగి భోజనం ఆలస్యమై, రక్తంలో చక్కెర 70 కిందకి పడిపోతే చల్లని చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి. ఆ తడికి తెర మీద గీతలన్నీ పైకి లేస్తాయి. శక్తి పొంగుతోందని సంబరపడే నిర్వాహకుల ఎదుట మనిషి సొమ్మసిల్లే ప్రమాదముంది. అప్పుడు ముందు చేయాల్సింది గొట్టాలు తీసేసి, స్పృహలో ఉండి మింగగలిగితే చక్కెర కలిపిన నీళ్ళో పండ్లరసమో తాగించి, పదిహేను నిమిషాలకి గ్లూకోమీటరుతో చూడటం. మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేయాలి.

సెషన్ ఎలా జరగాలో కూడా చెప్తాం. కూర్చోబెట్టకముందే అడగాల్సినవి: గుండెకి పేస్‌మేకరుందా, చెవిలో వినికిడి కోసం పెట్టిన కాక్లియర్ ఇంప్లాంటుందా, ఇన్సులిన్ పంపుందా, మూర్ఛలున్నాయా, గర్భిణా, చేతులకి పుండ్లున్నాయా. మీ పరికరం కొలతకి కావాల్సిన అతి కొద్ది కరెంటే కాకుండా, ఒంట్లోకి విడిగా కరెంటు కూడా పంపే రకమైతే వీటిలో ఏ ఒక్కటున్నా సెషన్ వద్దు. కొనేటప్పుడు చాలామంది అడగని ప్రశ్న ఇదే, పెట్టె కొలిచి ఊరుకుంటుందా, కరెంటు కూడా పంపుతుందా అని. చేతులు కడిగాక ఐదు నుంచి పది నిమిషాలు ఊరికే కూర్చోనివ్వాలి. గది మరీ చల్లగా ఉండకూడదు. గొట్టాల కంటే, చేతి వేళ్ళకి ఉప్పు తక్కువున్న జెల్‌తో అంటించే ఎలక్ట్రోడ్లు నయం, పట్టు బిగువు తేడా రాదు. మూడు నిమిషాలు మొదటి గీత తీసుకుని, అవయవాల జాబితా ఉన్న తెరని మూసేసి, ఒక్క గీతనే చూపిస్తూ నిమిషానికి ఆరు శ్వాసల చొప్పున పదిహేను నిమిషాలు ఊపిరి తీయించండి. గీత మెల్లగా దిగుతూ ఉంటే ఆ మనిషే తన గీతను తను చూసుకుంటారు. ఎవరి మాట తలుచుకుంటే అది ఎగిరిందో వాళ్ళే చెప్తారు. మా లెక్కలో సెషన్ అంటే ఇదే. చివర పది నిమిషాలు మాట్లాడనివ్వాలి. వెళ్ళేటప్పుడు ఆ మనిషి చేతిలో కొత్త జబ్బు పేరేదీ ఉండకూడదు, వచ్చేముందు వేసుకుంటున్న మాత్ర ఏదీ తగ్గకూడదు.

"మా మెషీన్ ఎఫ్‌డీఏలో రిజిస్టరైంది" అన్న మాట ఆ బ్యానరు మీద కూడా ఉంది. రిజిస్టర్ కావడం అంటే ఆమోదం కాదని, అమెరికాలో మందులనీ వైద్య పరికరాలనీ నియంత్రించే ఆ ఎఫ్‌డీఏనే చెప్తుంది. అది తయారీదారు పేరు, చిరునామా నమోదు చేసుకోవడం లాంటిది. బయోఫీడ్‌బ్యాక్ పరికరంగా అనుమతి ఉన్నవాటికి కూడా జబ్బులు కనిపెట్టే అనుమతి ఉండదు. ఈపీఎఫ్ఎక్స్ అనే యంత్రం కథ ఇందుకు సాక్ష్యం. ఒత్తిడి తగ్గించే బయోఫీడ్‌బ్యాక్ పరికరంగా నమోదై, క్యాన్సరు దాకా అన్నిటికీ వాడబడింది. 2007లో సియాటిల్ టైమ్స్ పత్రిక దాని మీద వరస కథనాలు రాసింది, 2008లో ఎఫ్‌డీఏ దాని దిగుమతి ఆపింది.

అయినా ఆ బల్ల ముందు మనవాళ్ళు ఎందుకు బారులు తీరారో అర్థం చేసుకోకుండా తప్పు పట్టడం న్యాయం కాదు. పెద్దవాళ్ళకి తీసుకునే విజిటర్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి అంతకుముందే ఉన్న జబ్బులు చెల్లవు. డాక్టరు దగ్గరికి వెళ్తే బిల్లు పిల్లల మీద పడుతుందని భయం. ఒంట్లో బాగాలేదని చెప్తే ఆఫీసు పనుల్లో ఉన్న బిడ్డకి బరువవుతామని, "దానికి చెప్పకండి" అంటూ ఆ బల్ల దగ్గర చెప్పుకుంటారు. ఆ దాపరికంలో ఉన్నది ప్రేమే. రోజంతా ఇంట్లో ఒంటరిగా ఉండే మనిషికి, తెలుగులో పేరు పెట్టి పిలిచి, పావుగంట సేపు చేతులు పట్టుకుని అమ్మా ఎలా ఉన్నారని అడిగినవాళ్ళ మీద నమ్మకం కలగదా? ఆ నిర్వాహకులు కూడా మోసం చేయాలని వచ్చినవాళ్ళు కాదు. తెర మీది అంకెని వాళ్ళూ నమ్మారు. కానీ ఎంత నమ్మితే అంత జాగ్రత్త ఉండాలి.

కాలిఫోర్నియాలో 2003 నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. లైసెన్సు లేని ప్రత్యామ్నాయ వైద్య సేవలు చేసుకోవచ్చు, కానీ ముందుగా తాము లైసెన్సున్న డాక్టరు కాదనీ, ఈ సేవకి రాష్ట్ర లైసెన్సు లేదనీ, అదేమిటో, ఏ సిద్ధాంతం మీద నడుస్తుందో, తాము ఏం చదివారో కాగితం మీద రాసివ్వాలి. సంతకం తీసుకుని మూడేళ్ళు దాచాలి. డాక్టరు రాసిన మందు మాన్పించకూడదు. అన్నిటికంటే మనకి కావాల్సిన మాట, ఆ వివరాలు వచ్చినవాళ్ళకి అర్థమయ్యే భాషలో ఉండాలన్నది. మన బల్ల దగ్గర ఏ భాషలోనూ కాగితం లేదు. మిగతా రాష్ట్రాల్లో ఉన్న అసోసియేషన్లు తమ చట్టం ఏమంటుందో విడిగా చూసుకోవాలి గానీ, ఈ కాగితం ఇవ్వొద్దని ఏ చట్టమూ చెప్పదు.

అందుకని కార్యవర్గానికి మా విన్నపం. వచ్చే దీపావళి క్యాంపులో ఆ బల్ల ఉంటే బీపీ బల్ల పక్కన కాకుండా వేరే గదిలో ఉండాలి, దాని మీద అసోసియేషన్ గుర్తు ఉండకూడదు. కూర్చునే ప్రతివారికీ, చట్టం అడిగే వివరాలతో పాటు ఈ కింది మాటలు పెద్ద అక్షరాల్లో ఉన్న కాగితం ఇచ్చి, చదవలేనివాళ్ళకి చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. వాలంటీర్లలో ఒకరు అక్కడే నిలబడాలి.

"నేను డాక్టరుని కాను. ఈ పరికరం మీ అరచేతి చర్మం మీద కరెంటు ఎలా పారుతోందో మాత్రమే చూస్తుంది. మీకు ఏ జబ్బు ఉందో, లేదో చెప్పడం దీనివల్ల కాదు. తెర మీద అంకె ఎంత వచ్చినా మీ మాత్రలు ఈ రాత్రి, రేపు పొద్దున, ఎప్పటిలాగే వేసుకోండి. మార్చాలనిపిస్తే మీ డాక్టరుని అడగండి. ఇక్కడ విన్నది ఇంటికెళ్ళాక మీ అమ్మాయికో అబ్బాయికో చెప్పండి."