పచ్చ టిక్కు మహాత్మ్యం

ఖాతాదారులతో సంబంధాలు చెడకుండా చూసుకోవడానికి వ్యాపారులు నెలనెలా డబ్బు కట్టి వాడుకునే సాఫ్ట్‌వేర్ పట్ల మన సమాజంలో తగినంత భక్తి లేదని నా అభిప్రాయం. పంపుసెట్లు అమ్మే మా సంస్థలో ఈమధ్య పదకొండు రోజుల పాటు మా ఇన్‌బాక్స్‌కు వచ్చే ఖాతాదారుల మెయిల్ ఒక్కటి కూడా, దాన్ని తెచ్చి చూపాల్సిన ఆ సాఫ్ట్‌వేర్‌లోకి రాలేదు. అయినా సెట్టింగుల పేజీలో మా మెయిల్ చిరునామా పక్కన 'కనెక్టెడ్' అన్న మాటా, దాని పక్కన పచ్చ టిక్కూ ఏ రోజూ చెక్కుచెదరలేదు. ఆపదలో అంతటి నిబ్బరం నేను మా వంశంలో ఎవరిలోనూ చూడలేదు.

యజమాని గారు విచారణకు ఆదేశించారు. తమ సర్వర్లన్నీ దివ్యంగా ఉన్నాయని సాఫ్ట్‌వేర్ వారు సెలవిచ్చారు. మెయిళ్లు వచ్చే దారి, అంటే 993 పోర్టు, తెరిచే ఉందని ఇంటర్నెట్ కుర్రాడు నిరూపించి చూపించాడు. సెట్టింగుల జోలికి తామెవరూ పోలేదని మా సిబ్బంది మూకుమ్మడిగా ప్రకటించారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాత్రం మాయం. హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేస్తే బ్రౌజర్ దాచుకున్న పాత ప్రతులను (క్యాష్) తుడవమన్నారు, తుడిచాం. వేరే బ్రౌజర్‌లో చూడమన్నారు, చూశాం. మెయిళ్లను తెచ్చేది వారి సర్వరే తప్ప మా బ్రౌజర్ కాదు కదా అని నేను వినయంగా మనవి చేస్తే, పచ్చ టిక్కును ఫొటో తీసి పంపమన్నారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్న పెద్దమనిషి వంశం నిర్వంశం కాలేదని అప్పుడు తెలిసింది. చివరికి విషయం ఇంజనీర్ల దాకా వెళుతుందనీ, జవాబు మెయిల్‌లో వస్తుందనీ చెప్పి ఫోన్ పెట్టేశారు.

అసలు కారణాన్ని కనిపెట్టింది ఉద్యోగంలో చేరి నెల తిరగని అమ్మాయి. సాఫ్ట్‌వేర్ తన పనులన్నీ రాసుకునే, ఎవరూ తెరవని లాగ్ పేజీని ఆమె తెరిచింది. అందులో పావుగంటకోసారి 'ఇన్‌వాలిడ్ గ్రాంట్', అంటే ఇచ్చిన అనుమతి చెల్లదు, అన్న ఒకే ఒక్క వాక్యం రామకోటి రాసినట్టుగా బారులు తీరి ఉంది. పూర్వం మెయిల్ పాస్‌వర్డ్‌నే సాఫ్ట్‌వేర్ చేతిలో పెట్టేవాళ్లం, ఇంటి తాళం పాలవాడికిచ్చినట్టు. వ్యక్తిగత ఖాతాల్లో ఆ పద్ధతికి గూగుల్ 2022 మే 30న తెర దించింది, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి మైక్రోసాఫ్ట్ తన ఆఫీసు మెయిల్ సేవ ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్‌లో మూసివేత మొదలుపెట్టింది. ఇప్పుడు తాళం బదులు టోకెన్, అంటే పాస్‌వర్డ్ చెప్పకుండానే లోపలికి రానిచ్చే అనుమతి చీటీ, ఇస్తాం. గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ మార్చిన మరుక్షణం, జీమెయిల్ చూసే అనుమతి ఉన్న ఆ టోకెన్ చెల్లకుండా పోతుంది. మరి పాస్‌వర్డ్ మార్చిందెవరు? ఆడిటర్ గారు భద్రత గురించి చెప్పిన మాటలు విని, పన్నెండు రోజుల క్రితం, విచారణకు ఆదేశించిన యజమాని గారే మార్చారు. విచారణ అక్కడితో ముగిసింది.

మళ్లీ కనెక్ట్ చేశాక మెయిళ్లు వచ్చాయి గానీ, ముఖ్యమైన డీలర్లలో సగం మంది పేజీలు ఖాళీగానే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ మనిషిని మెయిల్ చిరునామాతోనే గుర్తుపడుతుంది. మా తెనాలి డీలరు గారి పేరిట నమోదైనది దుకాణం మెయిల్ చిరునామా. ఆయన ఆర్డర్లు పంపేది కొడుకు ఎంసెట్ దరఖాస్తు కోసం తెరిచిన మెయిల్ నుంచి. ఇరవై ఏళ్ల స్నేహం ఆ విధంగా 'గుర్తు తెలియని వ్యక్తి' ఖాతాలో పడింది.

మేము పంపేవాటి సంగతి మరీ విచిత్రం. మా పేరుతో సాఫ్ట్‌వేర్ తన సర్వర్ల నుంచి ఉత్తరాలు పంపుతుంది. ఆ అధికారం దానికి ఇచ్చామని మా డొమైన్‌లో, అంటే ఇంటర్నెట్‌లో మా సంస్థ పేరు కింద, ఎస్‌పీఎఫ్ (మా పేరుతో పంపదగిన సర్వర్ల జాబితా) రాయాలి, ఉత్తరం మాదేనని చాటే డీకిమ్ అనే డిజిటల్ సంతకం పెట్టించాలి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో పట్టుబడుతున్నాయి: భారీగా (గూగుల్ లెక్కలో రోజుకు 5,000 దాటి) పంపేవారికి ఈ రెండూ, వాటితో పాటు ఈ పరీక్షలో తప్పిన ఉత్తరాలను ఏం చేయాలో చెప్పే డీమార్క్ కూడా ఉండాలి, మాలాంటి చిన్నవారికి మొదటి రెండింటిలో ఒకటైనా తప్పదు. మాకు ఒక్కటీ లేదు. మా డొమైన్ తాళాలు వెబ్‌సైట్ చేసిపెట్టి డాలస్ వెళ్లిపోయిన యజమాని గారి మేనల్లుడి దగ్గర ఉన్నాయి, ఆయన లేచే వేళకు మేము పడుకుంటాం. కొటేషన్లన్నీ స్పామ్‌లో పడుతుండగా సాఫ్ట్‌వేర్ మాత్రం ప్రతిదాని పక్కనా 'పంపబడింది' అని రాస్తూనే ఉంది. అందులో అబద్ధమేమీ లేదు.

ఇన్‌బాక్స్ తెరవవద్దు, అన్నీ సాఫ్ట్‌వేర్‌లోనే చూడాలి అన్నది మా ఆఫీసు నియమం. అది తాత్కాలికంగా సడలించినప్పుడు ఆ పదకొండు రోజుల గుట్టలో హెల్ప్‌డెస్క్ మెయిళ్లు రెండు దొరికాయి. మొదటిది రెండో రోజునే వచ్చింది: 'ఈమధ్య పాస్‌వర్డ్ ఏమైనా మార్చారా?' రెండోది ఆరో రోజుది: 'మీ నుంచి జవాబు రానందున, సమస్య తీరిందని భావించి మీ ఫిర్యాదు టికెట్ మూసివేస్తున్నాము.'