పరిహారం వడ్డీ గారికి మూడో ఎల్.ఆర్. (చట్టబద్ధ వారసత్వ ప్రతినిధి) రాయునది

మహారాజశ్రీ పరిహారం వడ్డీ గారికి,

ఉభయ కుశలోపరి. తమరు క్షేమంగా ఉన్నారని కోర్టులో వేసిన క్యాలిక్యులేషన్ మెమో చూడగానే తెలిసిపోయింది. లీగల్ సైజు కాగితం మీద వరసగా గడులు: పెంచిన మార్కెట్ విలువ, దాని మీద 12 శాతం అదనం, 30 శాతం సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు ఓదార్పు సొమ్ము), చిట్టచివర తమరు. మిగతా వాళ్లందరినీ కలిపినా తమరి పక్కన ఆనలేదు. అంత పుష్టిగా ఉన్నారు.

ఉండరా మరి! 1894 భూసేకరణ చట్టం తమరికి పెట్టిన తిండి అలాంటిది. పొలం స్వాధీనం చేసుకున్న మొదటి ఏడాది 9 శాతం, ఆ తర్వాత డబ్బు కట్టేదాకా ఎన్నేళ్లయినా 15 శాతం. ప్రభుత్వం మా పొలం తీసుకుని ఇచ్చిన ధర చాలదని మా నాన్న కోర్టుకు రిఫరెన్స్ వేయించారు. తీర్పు మాకు వచ్చింది, ప్రభుత్వం వాళ్లు అప్పీలుకెళ్లారు. అప్పీలు కొట్టేశాక కూడా డిపాజిట్ చేయకపోతే ఈపీ, అంటే తీర్పు అమలు చేయించమనే పిటిషన్, వేశాం. ఈలోగా నాన్న పోయారు. పిటిషన్‌లో ఆయన పేరు పక్కన 'మరణించెను' అని చేర్చి, కింద మమ్మల్ని ఎల్.ఆర్.లుగా ఎక్కించారు. మేం ఒక తరం తరిగేలోగా తమరు మూడింతలయ్యారు.

ఉత్తమాట కాదు, లెక్క చూడండి. పెరిగిన పరిహారం సొలేషియంతో సహా 10 లక్షలు, ఆలస్యం 20 ఏళ్లు అనుకుందాం. మొదటి ఏడాదికి 90 వేలు, తర్వాతి 19 ఏళ్లకు ఏటా లక్షన్నర. వెరసి తమరు 29 లక్షల 40 వేలు. ఊరి పొలం కాబట్టి ఆ 10 లక్షల మీద పన్ను లేదు. పల్లెటూరి సాగుభూమిని ఐటీ చట్టం క్యాపిటల్ అసెట్ (అమ్మితే లాభం మీద పన్ను పడే ఆస్తి) కిందే లెక్కేయదు. పన్ను పడేదల్లా తమరి మీదే. అంటే ప్రభుత్వం మా డబ్బు ఎంత ఆలస్యంగా ఇస్తే దానికి మా దగ్గర వసూలు చేసుకునేది అంత పెరుగుతుంది. తప్పు చేసినవాడు కట్టిన జరిమానాలో వాటా వాడికే పోవడం ఇంకెక్కడైనా చూశారా?

పైగా తమరిని చేర్చిన పద్దు పేరు 'ఇతర ఆదాయం'. లాటరీ తగిలినవాళ్లు ఉండేదీ ఆ పద్దులోనే.

2009లో సుప్రీంకోర్టు, ఆ భూసేకరణ చట్టం సెక్షన్ 28 కింద వచ్చే తమరు వడ్డీ కాదు, పరిహారంలో భాగమేనంది. సంతోషించేలోపే అదే ఏడాది పార్లమెంటు ఐటీ చట్టం మార్చి, వడ్డీ చేతికొచ్చిన ఏడాదే మొత్తం ఆదాయమని రాసేసింది. ఇప్పుడీ రెండింటి మధ్య హైకోర్టులు తలోమాట చెబుతున్నాయి. అంతకుముందు 1990లో, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే, ఏ ఏటి వడ్డీ ఆ ఏటిదేనని సుప్రీంకోర్టు అన్నది. అలా పాత రిటర్నులు తిరగదోడే కష్టం తప్పించడానికే 2009 మార్పు అన్నారు. ఆ దయ ఖరీదు కూడా లెక్కేద్దాం.

తమరిలో సగానికి చట్టం ఇచ్చే మినహాయింపు పోను 14 లక్షల 70 వేలు. వేరే ఆదాయం లేకపోయినా 2025-26 కొత్త పన్ను విధానం ప్రకారం సెస్సుతో కలిపి పన్ను 1,04,520 రూపాయలు. అదే 20 ఏళ్లకు పంచి ఉంటే ఏడాదికి 73,500. దాని మీద పన్ను సున్నా. వకీలు ఫీజు తీసేద్దామంటే కుదరదు, సగం ఇచ్చాం కదా, అందులోనే సర్దుకోమంటుంది చట్టం. 2013 భూసేకరణ చట్టం కింద అవార్డు అయినవాళ్లకు సెక్షన్ 96 ఉంది, పరిహారం మీద పన్ను లేదు. మా పొలం పోయింది బ్రిటిష్‌వాడి చట్టం కింద.

ఇక తమరి వెంట వచ్చే టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే ముందుగా కోసుకునే పన్ను, సంగతి. పన్ను సగం మీదే అయినా, కోత మాత్రం మొత్తం మీద. 10 శాతం, అంటే 2,94,000. పాన్ ఇవ్వకపోతే 20. ఎంతైనా పోయింది తిరిగొస్తుంది కదా అని ఆడిటర్ ఫారం 26ఏఎస్ (ఎవరి పాన్ మీద ఎంత పన్ను జమైందో చూపే పత్రం) తెరిస్తే మా పేర్ల మీద ఒక్క పైసా లేదు. కోసినవాళ్లు దాన్ని నాన్న పాన్ మీద జమ చేశారు. బతికున్నప్పుడు ఒక్క రూపాయి రాల్చని వాళ్లు, పోయాక ఆయన్ని పన్ను చెల్లింపుదారుణ్ణి చేశారు. సవరణ స్టేట్‌మెంట్ వేయమని అర్జీ పెట్టాం. పెట్టి మళ్లీ వెళ్లేసరికి సీట్లో మనిషి మారాడు, కొత్తాయన ఫైలు మొదటినుంచి చదువుతానన్నాడు. చదవనివ్వండి, చదివితే మంచిదే.

పై ఉదాహరణ ప్రకారమైతే వెనక్కి రావాల్సింది 1,89,480. ఆలస్యమైతే ఐటీ శాఖ దాని మీద నెలకు అర శాతం వడ్డీ కలిపి ఇస్తుంది. ఆ వడ్డీ కూడా ఇతర ఆదాయమే, దానికి సగం మినహాయింపు కూడా లేదు. తమరికి తమ్ముడు పుట్టబోతున్నాడన్నమాట. పురిటి ఖర్చు మాదే.

ఇట్లు,
తమరిని పెంచి పోషించిన
మూడో ఎల్.ఆర్.