ప్రసాదంలో చక్కెర లేదు

నా షుగర్ రిపోర్టులో ‘బార్డర్’ అని రాశారు. దాన్ని మా బావ చదివాడు. మిగతాదంతా దాని ఫలితమే.

బద్వేలు నుంచి వచ్చేటప్పుడు పొడపత్రి అంటు తెచ్చి, నన్ను అడక్కుండానే మా పెరట్లో పాతాడు. కడియం నుంచి లారీల్లో వచ్చే గులాబీలు మా కడప ఎండకు మే నెల దాటవు. ఇదేమో శేషాచలం, నల్లమల అడవుల్లో కంపల మీద పాకే జాతి. మా బోరు ఉప్పునీళ్లు తాగే గోడెక్కింది, అక్కడి నుంచి కేబుల్ వైరెక్కింది.

మొన్న పక్కింట్లో సత్యనారాయణ వ్రతం. బావ కూడా వచ్చాడు, పిలవకపోయినా. ఐదో కథ మొదలైందో లేదో, జేబులోంచి రెండాకులు తీసి నా చేతిలో పెట్టాడు.

“ప్రసాదంలో చక్కెర జాస్తి ఉంటాది. ముందే నమిలెయ్యబ్బా.”

దేవుడి ముందు వాదన ఎందుకని నమిలాను.

ఈ ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పసిగట్టే చోట్లకు అడ్డం పడతాయట. అరగంటో గంటో తీపి అనేదే తెలీదు; ఉప్పు, పులుపు మాత్రం మామూలే. ఈ ముక్క బావకు తెలుసు. దానికి మధునాశిని అనే పేరుందని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్తాడు. నమిలేవాడికి మాత్రం చెప్పడు.

ప్రసాదం వచ్చింది. రవ్వ ఎంతో చక్కెరా అంతే కొలిచి, నెయ్యి కారేలా చేసింది. నోట్లో వేసుకుంటే నెయ్యి పోసిన పెన్నా ఇసుక. ఇంకో ముద్ద వేసుకున్నాను. ఇసుకే.

ఇంటావిడ ఎదురుగా నిలబడి “ఎట్లుంది సార్?” అంది.

ఇక్కడ సందర్భం చూడండి. ప్రసాదం వదిలేసి మొగుణ్ని చూడ్డానికి పరుగెత్తిన కళావతికి ఆ మొగుడే ఓడతో సహా కనపడకుండా పోయాడని నాలుగో కథలో విన్నాం. గొల్లవాళ్లు పెట్టిన ప్రసాదాన్ని చిన్నచూపు చూసి తుంగధ్వజ మహారాజు నూరుగురు కొడుకుల్ని పోగొట్టుకున్నాడని ఇప్పుడే విన్నాం. పంతులుగారు పుస్తకం ఇంకా మూయనే లేదు. అలాంటి చోట నేను, అందరికీ వినపడేలా, ఎంతో మంచి మనసుతో అన్నాను:

“చక్కెర వేయడం మరిచిపోయినట్టున్నారమ్మా.”

పంతులుగారు తన దొన్నెలోది ఇంకోసారి రుచి చూసి, దేవుడి పటం వైపు చూసి, తర్వాత నావైపు చూశారు. మూలనున్న పెద్దాయన మొహమాటానికి “కొంచెం తక్కువే” అన్నాడు. పక్కనున్న పెద్దావిడ మోచేత్తో పొడిచింది. ఇంటావిడ మారు మాట్లాడకుండా లోపలికి పోయి, గరిటెడు చక్కెర తెచ్చి నా దొన్నెలో కుమ్మరించింది. అదీ ఇసుకే.

“ఇప్పుడు కుదిరిందమ్మా” అని కరకరా నమిలి అంతా మింగాను. నాలుకకు తెలీకపోయినా ఒంటికి చక్కెర చక్కెరే కదా, బార్డర్ వాడికి గరిటెడు అదనం. బావ పక్కనే కూర్చుని రెండో దొన్నె ఖాళీ చేస్తున్నాడు. ఆయన ఆకు నమలలేదు. ఆయనకు బార్డర్ లేదట.

ఆవిడ నాతో మాటలు మానేసింది. వాళ్లాయన మాత్రం నిన్న చీకటిపడ్డాక గోడ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, “ఆ ఆకు నాకూ రెండియ్యండి సార్” అన్నాడు.

షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్ని అడక్కుండా తినకూడదండీ, షుగర్ మరీ పడిపోవచ్చు, అన్నాను.

“షుగర్ కోసం కాదు సార్. మీరా మాట అన్నప్పటి నుంచి మా ఇంట్లో అన్నిట్లో చక్కెర రెట్టింపయింది. ఈరోజు చారులో కూడా వేసింది.”