హాలు ఖాళీ అయితే తప్పు జనానిదేనా
మ్యూజియంలో ఫ్రీగా లెక్చర్ పెట్టినా ఎవరూ రారు, జనానికి ఇంట్రెస్ట్ చచ్చిపోయింది అని ఎవరో రాశారు, నేనైతే ఒప్పుకోను. మేం చెన్నైలోనే ఉంటాం, ఎగ్మోర్ మ్యూజియంకి చుట్టాల్ని తీసుకెళ్తే అందరూ తిమింగలం అస్థిపంజరం దగ్గర ఫోటోలు దిగి వచ్చేస్తారు, అమరావతి బౌద్ధ స్తూపం శిల్పాల దగ్గర ఎవరూ ఆగరు. అవి మన గుంటూరు వైపు రాళ్లే, 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించి మద్రాసు పంపించాడు, అందులో చాలావరకు తర్వాత లండన్ వెళ్లిపోయాయి, ఈ సంగతి చెప్పేవాళ్లుంటే కదా ఆగేది. ఓసారి మా అమ్మ బుద్ధుడి మీదకి ఉసిగొల్పిన నలగిరి ఏనుగు కథ చెక్కిన పలక ముందు నిలబడి రెండు ఏనుగులెందుకే అంది. రెండు కాదమ్మా ఒకటే, ఇటుపక్క మదమెక్కి మనిషిని తొండంతో పట్టేసింది, అటుపక్క బుద్ధుడి కాళ్ల దగ్గర మోకాళ్లమీద కూర్చుంది అని చెప్పా, అంతే, పైన కిటికీల్లోంచి తొంగిచూసే ఆడవాళ్లని కూడా లెక్కపెట్టుకుంటూ అరగంట కదల్లేదు, కాళ్లనొప్పులావిడ! లెక్చర్లేమో బుధవారం పొద్దున 11కి, అదీ ఇంగ్లీషులో పెడతారు, ఆఫీసులు మానుకుని ఎవరొస్తారండీ. అదే జనవరి నుంచి ఏప్రిల్ దాకా నీలాంకరై బీచ్‌లో తాబేళ్ల గుడ్లు కాపాడ్డానికి అర్ధరాత్రి నడక పెడితే ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ కిలోమీటర్లు నడుస్తున్నారు, మా తమ్ముడు రెండుసార్లు వెళ్లి ఒక్క తాబేలు కూడా కనపడకపోయినా మళ్లీ వెళ్తానంటున్నాడు.